కాసు : శబ్దార్థచరిత్రము

కోస్తాజిల్లాలలో కంసాలి యంగడికి బోయి "కాసు బంగార మెంత?" అని యడిగినచో అతడు ఎనిమిది గ్రాముల బంగారపు వెల చెప్పును. ఆ వెల విని, కొనజాలక, అంగడిమెట్లు దిగివచ్చినవాడు ఇంటికి బోయి "చేతిలో కాసైన లేదు" అనును. మొదటి మాటలో కాసు అనగా ఒక కుటుంబము ఏండ్లతరబడి కూడబెట్టుకొను సొమ్ము. రెండవ మాటలో అది లేకపోయినను లెక్కకురాని యల్పవస్తువు. ఒక్క శబ్దము, ఒక్క దినమున, ఒక్కని నోట, ధనములలో మిక్కిలి పెద్దదానిని మిక్కిలి చిన్నదానిని చెప్పుట వింతయే. ఈ రెండు కాసులును ఒక్క శబ్దమేనా? ఒక్కటే యైనచో ఏ యర్థము ముందు, ఏది వెనుక? ఇదియే యీ వ్యాసమునకు విషయము.

మన నిఘంటుకారులు ఈ రెండర్థములను ఒక్క పదము క్రిందనే చేర్చిరి. ఒకదానినుండి మరియొకటి యెట్లు వచ్చెనో చెప్పుటకు వారు పూనుకొనలేదు. అది నిఘంటువు పనియు గాదు. ఇట్లుండ, కాసు ప్రస్తావన వచ్చినపుడెల్ల సభలలోను పత్రికలలోను వేరొక మాట వినబడుచుండును. ఇంగ్లీషువారు రొక్కమునకు వాడు 'క్యాష్' అను పదము మన కాసునుండియే పుట్టినదట. వినుట కింపుగా నుండుటచే నేనును కొంతకాలము దానిని నమ్మితిని. అందు సగము నిజము, సగము గాదు. ఏ సగము నిజమో ముందు తేలగలదు.

మొదట రాగికాసును విచారింతము. అది కాలమున మనకు దగ్గరిది, లెక్కకు దొరకునది. చెన్నపట్టణమున ఈస్టిండియా కుంఫిణీవారి లెక్కలో 80 కాసులు ఒక రూక. దీనినే అరవవారు పణమనిరి, దొరలు ఫనమనిరి. 42 రూకలు ఒక పూవరహా. కావున పూవరహాకు 3,360 కాసులు. 1818లో కుంఫిణీవారు వరహాను విడిచి రూపాయిని ప్రమాణముగా గైకొన్నప్పుడు 100 వరహాలకు 350 రూపాయలుగా మార్పిడి కట్టిరి. మూడున్నర రూపాయలకు 42 రూకలైనచో రూపాయికి 12 రూకలు. అనగా రూపాయికి 960 కాసులు. ఈ 960 అను సంఖ్యను పాఠకులు జ్ఞాపకమందుంచుకొనవలయును. మన పెద్దలు వాడిన చిల్లరనాణెములలో పెక్కింటి విలువ దీనిచేతనే తేటపడును.

ఉత్తరసర్కారుల కొరకై 1794లోను 1797లోను ముద్రింపబడిన రాగినాణెముమీద, అవి 48 కూడిన ఒక రూపాయి యగునని ఇంగ్లీషున వ్రాయబడి యున్నది. 960ని 48చే భాగించిన 20 వచ్చును. ఈ ఇరువది కాసుల నాణెమే డబ్బు. నేడు సమస్తధనమునకు సామాన్యనామమైన డబ్బు ఆనాడు రూపాయిలో నలువదియెనిమిదవ పాలు మాత్రమే. కాని యనగా మన భిన్నముల లెక్కలో అరువదినాలుగవ వంతు. రూపాయిలో కానికి 15 కాసులు. దమ్మిడీ అణాలో పండ్రెండవ వంతు, రూపాయిలో నూటతొంబదిరెండవ వంతు; దానికి 5 కాసులు. డబ్బు, కాని, దమ్మిడీ యనునవి వేరువేరు కాలములందు, వేరువేరు భాషలనుండి వచ్చి చేరినవే యైనను, అన్నిటిని కాసులతో శేషము లేకుండ కొలువవచ్చును. కాసును కొలుచుటకు మాత్రము దానికన్న చిన్న లోహనాణెము లేదు. దానికి క్రింద గవ్వయే.

ఇంత చిన్న నాణెమును కుంఫిణీవారు ఇంగ్లండులో ముద్రింపించి తెప్పించిరి. బర్మింగుహాము నగరముచెంత మాథ్యూ బౌల్టను స్థాపించిన సోహో టంకశాలలో ఆవిరియంత్రముల మీద 1803లోను 1808లోను ఒకటి, అయిదు, పది, ఇరువది కాసుల నాణెములు ముద్రింపబడెను. ఇరువది కాసుల నాణెముమీద ఒకవైపున సింహములతో గూడిన కుంఫిణీ బిరుదుముద్ర యుండును. రెండవవైపున రోమను సంఖ్యలతో 'ఇరువది క్యాష్' అనియు, ఫారసీలో 'ఇరువది కాసు నాలుగు ఫలూసు' అను నర్థమిచ్చు వాక్యమును గలవు. ఫలూసు ఒక్కటికి అయిదు కాసులన్నమాట. అది మన దమ్మిడీతో సరిపోవుట గమనింపదగినది. 1808 నాణెములను మోసికొని చెన్నపట్టణమునకు బయలుదేరిన 'అడ్మిరల్ గార్డ్‌నర్' అను ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తూర్పుతీరముననే గుడ్విను ఇసుకతిప్పలపై మునిగిపోయెను. 1980 తరువాత గజయీతగాండ్రు దానినుండి వెలికిదీసిన కాసులు లక్షలకొలదిగ నున్నవి. చెన్నపట్టణపు అంగళ్ళలో కూరగాయలకు చెల్లవలసిన యా కాసులు నేడు నాణెముల సేకరించువారి పెట్టెలలో నున్నవి. పాపము, అవి ఒక్కమారైనను చేతులు మారలేదు.

ఇక కాసు విలువ అంతట నొక్కటియే యని తలంపరాదు. తిరువాన్కూరులో 16 కాసులు ఒక చక్రము, 4 చక్రములు ఒక పణము, 7 పణములు ఒక రూపాయి. అచ్చట రూపాయికి 448 కాసులే. తరంగంబాడిలో నుండిన డేనులు పణమునకు 80 కాసులుగను, రూపాయికి 8 పణములుగను లెక్కించిరి. వారి రూపాయికి 640 కాసులు. పుదుచ్చేరిలో ఫ్రెంచివారు దుడ్డును 'దూదూ' అనియు, కాసును 'కాష్' అనియు పలికి రెంటిని తమ లెక్కలలో వాడుకొనిరి. మైసూరు ప్రభువైన మూడవ కృష్ణరాజ ఒడయరు రాగినాణెములపై 'మయిలికాసు' అని కన్నడాక్షరములలోను, 'క్యాష్' అని ఇంగ్లీషక్షరములలోను వ్రాయబడియుండెను. ఏనుగుబొమ్మ గల మైసూరు నాణెమును జనులు ఆనెకాసు అనిరి.

రూపాయిలో తొమ్మిదివందల యరువదవ పాలును కాసే, నాలుగువందల నలువదియెనిమిదవ పాలును కాసే. దీనినిబట్టి యొక్క విషయము స్పష్టము. మాడ, గద్యాణము, వీసము అనునట్లు కాసు ఒక తూకమునకో ఒక భాగమునకో కట్టుబడిన పేరు కాదు. ఏ రాజ్యమున ఏ నాణెము ప్రజలచేత అందరికంటె ఎక్కువగ మెలగుచుండెనో దానికి ఆ పేరు చెల్లినది. అట్లు మెలగునది సహజముగ అన్నిటికంటె చిన్ననాణెమే. కాబట్టి కాసు అనగా 'చిన్ననాణెము' అను నర్థము మొదటినుండి యున్నది కాదు; 'నాణెము' అను సామాన్యార్థమునుండి జారి యేర్పడినది. ఇది నిలుచుటకు, కాసు పూర్వము చిన్నది గాకుండెనని చూపవలసియున్నది.

అందుకు తగిన సాక్ష్యము తంజావూరిలో నున్నది. మొదటి రాజరాజచోళుడు 1010లో పూర్తిచేయించిన బృహదీశ్వరాలయపు గోడలమీద దానశాసనములు బారులుబారులుగ చెక్కబడియున్నవి. దేవునికి సమర్పించిన ధనము వానిలో కాసుల లెక్కన చెప్పబడినది. ఆ కాసు బంగారునాణెము. మాడలో సగమని చరిత్రకారులు లెక్కకట్టిరి. ఆ ధనమును గ్రామసభలు అప్పుగా దీసికొని ఏటేట వడ్డీ చెల్లించుచుండెను. వడ్డీ కాసొక్కటికి కాసులో ఎనిమిదవ పాలు, అనగా నూటికి పండ్రెండున్నర. వడ్డీని ధాన్యరూపమున నిచ్చునెడ కాసునకు మూడు కుఱుణుల వడ్లు. పండ్రెండు కుఱుణులు ఒక కలము గనుక మూడు కుఱుణులు కాలుకలము. ఎనిమిదవ పాలు కాసునకు కాలుకలము సరియైనచో, నిండుకాసునకు రెండు కలముల వడ్లు వచ్చుచుండె ననుట.

ఎనిమిదవ పాలుగ భాగింపబడి, ఆ పాలునకు కాలుకలము వడ్లు దెచ్చిన కాసు, 'చేతిలో కాసైన లేదు' అనుటలోని కాసు కాజాలదు. మిక్కిలి చిన్నదైన నాణెమునకు పాళ్ళుండవు గదా! ఈ సందర్భముననే మన తెలుగునుడి యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఏమియు లేదనుటకు మనవారు 'కాసు వీసము లేదు' అందురు. వీసము పదునారవ పాలు. ఈ జంటలోని రెండు మాటలును కేవలము అల్పత్వమును జెప్పుటకు కూర్చినవని యెవరైన ననవచ్చును. కాని మన నుడికారమున 'కుంచము మానిక', 'బారెడు మూరెడు' అనునట్లు పెద్దదియు, దానిలోని భాగమును జంటగా వచ్చుట వాడుక. కాసు వీసము అనునదియు ఆ తీరు జంటయే యని నా యభిప్రాయము. అదియే నిజమైనచో, కాసునకు వీసములుండిన కాలపు గురుతును ఆ నుడి నేటివరకు మోయుచున్నది.

తంజావూరి శాసనములతో తెలుగువారికేమి సంబంధమని అడుగనక్కరలేదు. రాజరాజచోళుని కూతురు కుందవ్వ వేంగీశ్వరుడైన విమలాదిత్యుని భార్య. వారి కొడుకే రాజరాజనరేంద్రుడు. వాని కొడుకు 1070లో చోళసింహాసన మెక్కి కులోత్తుంగుడాయెను. ఒక్క వంశము రెండుదేశముల నేలినప్పుడు నాణెములును వానిపేళ్ళును ఎల్లలు దాటుట సహజము. అయినను తెలుగుశాసనములలో ఆ కాలమున బంగారునాణెమునకు విస్తారముగ కనబడు పేరు మాడ. రాజరాజమాడలు, కులోత్తుంగమాడలు మన దేవాలయస్తంభములమీద అడుగడుగున కనబడును. తమిళదేశమున కాసు శాసనాలకెక్కగా, తెలుగుదేశమున మాడ శాసనాల కెక్కినది. కాని నేడు మాడ యన్న నెవ్వరికి దెలియును? శాసనములు చదువువారికి దక్క తక్కినవారి కది కొండమామిడి. రాజుల పత్రములలో నిలిచినది జనులనోట చచ్చినది. జనులనోట నాడినది వెయ్యేండ్లు దాటి వచ్చినది.

బంగారుకాసు రాగికాసుగ నెప్పుడు మారెను? ఒక్కనాడు మారలేదు. రాజరాజు కాలముననే ఆయన పేరిట ముద్రింపబడిన రాగినాణెములు దక్షిణదేశమునను సింహళమునను కుప్పలుగ దొరకుచున్నవి. చోళశాసనములలో ఈళక్కాసు అను మాట కలదు. ఈళమనగా సింహళము. కాసునకు ముందు విశేషణము చేర్చి, అది ఈళపుకాసు, ఇది పాతకాసు అని వేరుపరుపవలసివచ్చినదన్నచో, కాసు అను మాట అప్పటికే ఒక నాణెమునకుగాక నాణెముల జాతికే పేరైనదన్నమాట. జాతికి పేరైనది జాతిలో ఏ వ్యక్తికైన చెల్లును.

విజయనగరకాలమునకు జారుట పూర్తియైనది. 1443లో ఆ నగరమును జూచిన అబ్దుర్ రజాకు అచ్చటి నాణెములను వరుసగ జెప్పినాడు. బంగారమున వరహా, దానిలో సగము ప్రతాపము, ప్రతాపములో పదవ వంతు పణము. వెండిని తార, పణములో ఆరవ వంతు. రాగిని జీతలు, తారలో మూడవ వంతు. ఆ పారసీకుడు రాగినాణెమునకు తన కలవాటైన ఉత్తరదేశపు పేరు పెట్టినాడు. తరువాత అరువదియేండ్లకు వచ్చిన ఇటలీదేశస్థుడు వార్థెమా జనులు పలికిన మాటనే వ్రాసికొన్నాడు. 1510లో అచ్చైన అతని యాత్రాగ్రంథమున, వెండి తార యొక్కటికి పదునారు 'కాసు'లు వచ్చునని యున్నది. విజయనగరపు కాసును ఐరోపావారికి తెలియజేసిన తొలివాక్యములలో నిది యొకటి. కళ్ళికోటలో కోతి యొక్కటి నాలుగు కాసులకు దొరకునని ఆయనయే మరియొకచోట వ్రాసెను. కోతిని ఎవరు కొనుచుండిరో, ఎందుకు కొనుచుండిరో ఆయన వివరింపలేదు. రాజరాజు నాడు రెండు కలముల వడ్లు దెచ్చిన పేరు, అయిదువందల యేండ్లలో కోతివెలకు దిగినది!

ఇక శబ్దము యొక్క పుట్టుక. యూలు, బర్నెలు అను పండితులు 1886లో ప్రకటించిన 'హాబ్‌సన్-జాబ్‌సన్' అను కోశమున కాసునకు సంస్కృతమందలి కర్షశబ్దము మూలమని చెప్పిరి. బర్నెలు తంజావూరున న్యాయాధిపతిగ నుండినవాడు, దక్షిణభాషలు నేర్చినవాడు. అతని మాటను తేలికగ ద్రోసివేయరాదు. కర్షము ఒక తూకము. మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున కర్షమెత్తు రాగినాణెమునకు పణమనియు కార్షాపణమనియు పేళ్ళు చెప్పబడినవి. ధ్వనులను బట్టి చూచినను ఈ మతము అసంభవము కాదు. వర్షశబ్దము ప్రాకృతమున వాసమైనట్లు కర్షము కాసము కావచ్చును. తెలుగున కాసు కావచ్చును. కొందరు ఇంకను ముందుకు బోయి, సువర్ణకర్షమునకు ఎనుబది గురిగింజలెత్తు గనుకనే చెన్నపట్టణపు రూకకు ఎనుబది కాసులైనవని యందురు. ఎనుబది తేలికగ సగములై, కాళ్ళై, పదునారై భాగింపబడు సంఖ్య. అట్టి సంఖ్య రెండుచోట్ల కనబడుటచే సంబంధము తేలదు.

నాకు తోచిన చిక్కు వేరు. దక్షిణాపథమున నాణెమునకు పేరుగా కర్షశబ్దము నిజముగ వాడుకలో నుండిన కాలమున అది యే రూపమున నుండెనో మనకు శాసనములే చెప్పుచున్నవి. నాసిక గుహలో నహపానుని యల్లుడు ఉషవదాతుడు వ్రాయించిన శాసనమున డెబ్బదివేల కాహాపణములు, ముప్పదియైదింటికి ఒక సువర్ణము చొప్పున, రెండువేల సువర్ణము లని లెక్క గలదు. పాలిలోను కహాపణమే. కార్షాపణమందలి షకారము ఇచ్చట హకారమైనది. నాణెము పేరు వాడుకలో నరిగి కాహాపణమైయుండగా, ఆ కాలముననే ఆ ప్రాంతమునుండియే అది దక్షిణభాషలలోనికి సకారముతో, పణములేక, కాసుగ వచ్చెననుట కొంత కష్టము. పైగా కాసు తెలుగు, తమిళ, కన్నడ, మలయాళములు నాలుగింటను ఇంటిమాటగ నున్నది. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో దానిని ద్రావిడపదములలోనే చేర్చిరి.

ఇంతకన్న బలమైన సాక్ష్యము తమిళసంగకవిత్వమునుండి వచ్చుచున్నది. కుఱుంతొగై యను సంకలనములో అళ్ళూర్ నన్ముల్లై యను కవయిత్రి పద్య మొకటి గలదు. ఎడారిదారిని బోయిన ప్రియుడు తన్ను దలచునో లేదో యని నాయిక చెలితో ననుచున్నది. ఆ దారిలో చిలుక యొకటి పండిన వేపపండును వంకరముక్కున బట్టుకొనియుండును. అది, బంగారునగకు క్రొత్తదారము గ్రుచ్చువాడు తన వాడిగోట బట్టిన ఒక కాసువలె నుండునట. ఈ యుపమానమును వ్యాఖ్యాతలు సామాన్యముగ 'బంగారునాణెము' అని యర్థముచెప్పి విడుతురు. కాని వేపపండును జూచినవారు ఒకమారు తలపోయుదురుగాక. అది పసుపుపచ్చగ, కోలగ, నున్నగ నుండును. బిళ్ళవలె చదునుగ నుండదు. చిలుకముక్కులోని వేపపండునకు సరిపడునది నాణెము గాదు, పూస. దారమున గ్రుచ్చదగిన బంగారుపూస. కావున ఆ కవయిత్రి కాలమున కాసనగా ముందుగ నగలోని బంగారుగింజ యనియు, నాణెమను నర్థము దానినుండి పుట్టెననియు నేను తలంచుచున్నాను.

బంగారుగింజ నాణెమగుట ఎట్లు? మన దేశమున నగకును నాణెమునకును నడుమ గోడ లేదు. దక్షిణదేశమున దొరకిన రోమకుల బంగారునాణెములలో కొన్నింటికి బెజ్జములున్నవి. వానిని మెడలో ధరించిరనుటకు వేరు సాక్ష్యము వలదు. పూస నాణెము పని జేయును; నాణెము పూస పని జేయును. తెలుగున కాసులపేరు, తమిళమున కాసుమాలై, కన్నడమున కాసినసర, మలయాళమున కాశుమాల యని నాలుగుభాషలలో ఒక్క నగ యున్నది. ఇందు 'పేరు' అనగా నామము గాదు, దండ. ఈ నగ యున్నంతకాలము కాసు తన మొదటి యర్థమును మరచుటకు వీలులేకపోయెను. అంగటిలో కాసు రాగియైపోయినను స్త్రీలమెడలో అది బంగారముగనే యుండెను. మలబారున వెనిసు నగరపు డకాటు నాణెములు దిగినప్పుడు వానిని కాశు అనిరే గాని క్రొత్తపేరు వెదకలేదు. ఇదియే నా మొదటి ప్రశ్నకు సమాధానము. రెండు కాసులును ఒక్కటియే. బంగారము ముందు, రాగి వెనుక.

ఇంగ్లీషు 'క్యాష్' మాట మిగిలియున్నది. ఇంగ్లీషులో నీరూపముగల పదములు రెండు. పలుకుబడి యొక్కటియైనను పుట్టుక వేరు. రొక్కమను నర్థముగల పదము లాటినునందలి 'కాప్సా', అనగా పెట్టె, అను మాటనుండి ఇటలీ 'కాస్సా', ఫ్రెంచి 'కేస్' అను రూపములగుండ వచ్చినది. వర్తకుని డబ్బుపెట్టె పేరు క్రమముగ పెట్టెలోని డబ్బునకు చెల్లినది. దీనితో మన కాసునకు చుట్టరికము లేదు. రెండవ 'క్యాష్' ఆసియాఖండపు చిన్నరాగినాణెము. ఇది ముమ్మాటికి మన కాసే. పోర్చుగీసువారు కాసును విని 'కైషా' యని వ్రాసికొనిరి. వారిభాషలో ఆ యక్షరములకే పెట్టె యను నర్థమును గలదు! తెలియనిమాట తెలిసినమాట రూపమున నిమిడిపోవుట భాషలన్నిట గలదు. ఆ పోర్చుగీసు రూపమునుండి ఇంగ్లీషువారు తమ నాణెపు 'క్యాష్'ను జేసికొనిరి. పోర్చుగీసున నొకమారు, ఇంగ్లీషున నొకమారు పెట్టెయు కాసును ఒక్క పలుకున కలిసికొన్నందుననే పైని జెప్పిన భ్రాంతి కలిగినది.

రొక్కపు 'క్యాష్' మనది గాదనుట కొందరికి రుచింపకపోవచ్చును. కాని మన కాసు నిజముగ జేసిన ప్రయాణము దానికన్న తక్కువదేమియు గాదు. పోర్చుగీసువారు మలయాద్వీపములకు బోయినప్పుడు అచ్చట చెలామణియగుచుండిన చీనారాగినాణెములను గూడ, తమకు దక్షిణభారతమున అలవాటైన 'కైషా' యను పేరుతోనే పిలిచిరి. ఇంగ్లీషువారు వారి ననుసరించిరి. చీనావారు తమ నాణెమును 'వెన్' అనియు 'చియెన్' అనియు బిలుచుకొనుచుండగా, ఇంగ్లీషు గ్రంథములన్నిట అది 'చైనీస్ క్యాష్' ఐనది. నేటికి నదే వాడుక. ఆ నాణెమునకు నడుమ చదరపు బెజ్జముండును. వేయింటిని త్రాటికి గ్రుచ్చి యొక దండగ లెక్కింతురు. కాసులపేరును దెలిసిన మనకు ఆ పేరు దానికి తగియున్నట్లు తోచును గాని, పోర్చుగీసునావికుడు అట్లు తలచి పెట్టలేదు. చిల్లరనాణె మెక్కడ గనబడినను వాని కది కాసే.

1818 తరువాత చెన్నరాజధానిలో వరహాలెక్క పోవుటతో రాగికాసునకు కాలముచెల్లినది. 1835 చట్టముచే దేశమంతట ఒక్క తూకపు రూపాయి వచ్చినది. అణాలు, పైసలు, పైలు నిలిచినవి. తిరువాన్కూరులో మాత్రము 1940 దశకమువరకును కాసులు ముద్రింపబడెను. 1957 ఏప్రిలు 1వ తేదీన దశాంశపద్ధతి వచ్చి కానికిని దమ్మిడీకిని అదేగతి పట్టెను. ఆ పద్ధతిలోని పైసలును చిన్నవి చిన్నవిగా వెడలిపోయి, 2011 జూను 30వ తేదీతో ఇరువదియైదుపైసలును అంతకు లోబడినవియు చెల్లకపోయెను. చచ్చిన చిల్లరనాణెములు మన నుడికారమున దాగుకొన్నవి. ఎఱ్ఱని ఏగాని, చిల్లిగవ్వ, దమ్మిడీ, కాసు అను వానిని ఎన్నడు చేత బట్టనివారును లేవని చెప్పుకొనుటకు వాడుదురు.

బంగారుకాసునకు మాత్రము క్రొత్తదేహము దొరకినది. ఇంగ్లండులో 1817 మొదలు ముద్రింపబడిన సవరను నాణెము 7.988 గ్రాముల తూకముగలది. పండ్రెండుపాళ్ళలో పదునొకండుపాళ్ళు బంగారము. 1899లో అది పదునైదురూపాయలకు మారకముగ ఈ దేశమున చెల్లుబడి నాణెమైనది. 1918లో బొంబాయిటంకశాలలో నొక్కయేడు ముద్రింపబడెను గూడ. దానిని జూచిన తెలుగుస్త్రీలు రాణిబొమ్మయని రాజుబొమ్మయని యెన్నలేదు. కాసని గుర్తించి పేరునకు గ్రుచ్చిరి. చెన్నపట్టణపు పాతలెక్కను దీనికి అన్వయించి చూచినచో, పదునైదురూపాయల యీ కాసు ఒక్కటికి రాగికాసులు 14,400 వచ్చును. సవరను చెలామణినుండి తొలగినను తూకము నిలిచినది. కంసాలులు దానిని ఎనిమిది గ్రాములుగ సవరించుకొని కాసనియు, అరకాసనియు, పావుకాసనియు నేటికిని తూచుచున్నారు. తెలంగాణమున ఈ కాసు లెక్క గాక తులము లెక్క ప్రబలముగ నున్నది. తులము రూపాయియెత్తు, అనగా 180 గ్రెయినులు, నేడు పదిగ్రాములు. అచ్చట బంగారమును తూచుటకు వెండినాణెము మూలమైనది. తీరమున మూలమైనది ఇంగ్లీషు బంగారునాణెము, పేరు మాత్రము దానికన్న పాతది.